పండుగ కన్నా పాత అలవాటు

డిసెంబరు మొదటి వారం దాటిందంటే గుంటూరు, ఒంగోలు, విజయవాడ, సికింద్రాబాదు వీధుల్లో డాబాల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కాలేజీల్లో, ఆఫీసుల్లో, చివరికి పార్టీ కార్యాలయాల్లో కూడా సెమీ క్రిస్మస్ పేరిట కేకులు కోస్తారు. యువజనులు రాత్రుళ్లు ఇంటింటికీ క్యారల్స్ పాడుకుంటూ వెళ్తారు. అరిసెలూ కేకు ముక్కలూ పళ్లేల్లో పక్కింటి హిందువులకూ, ఎదురింటి ముస్లింలకూ చేరతాయి. ఈ నెల రోజులూ ఏ వేదిక మీద ఎవరు మైకు పట్టుకున్నా చివర్లో ఒక మాట తప్పకుండా అంటారు: ఈ ప్రేమ, ఈ పంచుకునే గుణం ఒక్క రోజుతో ఆగకూడదు, ఏడాదంతా ఉండాలి అని. అందరూ తలలూపుతారు. జనవరి రెండో వారానికి నక్షత్రం అటకెక్కుతుంది, దానితో పాటే ఆ మాటా ఎక్కుతుంది. ఇదంతా మనుషుల కపటమని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఆ కోరికను కోరే తీరులోనే తిరకాసు ఉందనిపిస్తుంది. ఒక రోజున పుట్టిన ఉత్సాహాన్ని మిగతా 364 రోజులకూ ఎలా సాగదీయాలా అని తంటాలు పడుతున్నాం. చరిత్ర తిరగేస్తే వరస మరోలా కనిపిస్తుంది. ఏడాది పొడుగునా సాగే పని ముందు పుట్టింది. పండుగ చాలా ఆలస్యంగా, ఆ పని వేసిన పునాది మీద వచ్చింది.

మొదటి సాక్ష్యం సువార్తలే. మార్కు యేసు పుట్టుక గురించి ఒక్క ముక్క చెప్పడు. బాప్తిస్మమిచ్చే యోహానుతో మొదలుపెట్టి నేరుగా పెద్దవాడైన యేసు దగ్గరికి వచ్చేస్తాడు. యోహాను సువార్త ఆరంభంలో లోతైన తత్వం ఉంది గానీ పశువుల తొట్టి లేదు. పుట్టుక కథ చెప్పిన మత్తయి, లూకా ఇద్దరూ తేదీ ఊసెత్తలేదు. డిసెంబరు 25ను క్రీస్తు పుట్టినరోజుగా చూపించే తొలి రాత ఆధారం రోము నగరంలో 354లో కూర్చిన ఒక పంచాంగం. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితుల లెక్క. అంటే దాదాపు మూడు శతాబ్దాల పాటు క్రైస్తవులు ఈ పండుగ లేకుండానే బతికారు. అంతకాలం వాళ్లలో మనం ఇవాళ క్రిస్మస్ స్ఫూర్తి అంటున్న గుణం లేదా? 251లో రోము బిషప్పు కొర్నేలియస్ రాసిన ఒక ఉత్తరం, చరిత్రకారుడు యూసీబియస్ పుణ్యమా అని, మనదాకా వచ్చింది. అందులో ఆయన తన సంఘంలో పెద్దలెందరు, పరిచారకులెందరు అని లెక్క చెబుతూ, 1,500 మందికి పైగా విధవరాండ్రనూ ఇక్కట్లలో ఉన్నవాళ్లనూ ఆ సంఘం పోషిస్తోందని రాశాడు. అప్పటికి రోము సామ్రాజ్యంలో క్రైస్తవానికి చట్టం అండ లేదు, డెసియస్ చక్రవర్తి పెట్టిన హింస నుంచి సంఘం ఇంకా తేరుకోలేదు. అలాంటి రోజుల్లో అంతమందికి తిండి పెట్టారు. క్యారల్స్ లేవు, నక్షత్రాలు లేవు.

ఇంకో సాక్షి శత్రుపక్షం వాడు. క్రైస్తవుల మధ్య పెరిగి, తర్వాత ఆ మతాన్ని వదిలి పాత దేవతల ఆరాధనను నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి 362లో గలతీయ ప్రాంతపు ప్రధాన పూజారికి ఒక ఉత్తరం రాశాడు. ఈ గలిలయవాళ్లు (క్రైస్తవులను అతను అలాగే పిలిచేవాడు) తమ పేదలకే గాక మన పేదలకు కూడా అన్నం పెడుతున్నారు, మనవాళ్లకు మనం దిక్కు కాలేకపోవడం సిగ్గుచేటు అని అందులో వాపోయాడు. ఊరూరా సత్రాలు కట్టించమన్నాడు, ఏటా ఇంత ధాన్యం, ఇంత ద్రాక్షారసం అని కేటాయించాడు. శత్రువు ఏ విషయంలో పోటీకి దిగాడో గమనించాలి. పండుగల్లో పోటీ పెట్టుకోలేదు, అవి అతని పక్షాన కావలసినన్ని ఉన్నాయి. అతనికి గుబులు పుట్టించింది రోజూ నడిచే వడ్డన. పైగా అప్పటికి డిసెంబరు 25 పండుగ తూర్పు ప్రాంతాలకు పెద్దగా పాకనే లేదు. జాన్ క్రిసోస్టమ్ 386లో అంతియొకయలో చేసిన ప్రసంగంలో ఈ పండుగ తమ ఊరికి వచ్చి పదేళ్లు కూడా నిండలేదని చెప్పుకున్నాడు. క్రిస్మస్‌ను ఆ ఊళ్లో గట్టిగా సమర్థించిన ఆ బోధకుడే, గుడిలో బలిపీఠానికి పట్టు గుడ్డలు కప్పి గుమ్మం బయట బట్టల్లేక వణికే మనిషిని దాటిపోయేవాళ్లను అదే ఊళ్లో దులిపేశాడు. రెండూ ఒకే నోట వచ్చాయి.

ఇంకా వెనక్కి, అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయానికి వెళ్తే ఈ పని తొలి రూపం కనిపిస్తుంది. అది చూడముచ్చటగా ఏమీ లేదు. యెరూషలేము సంఘంలో అన్నం దగ్గర గొడవ. అనుదినం విధవరాండ్రకు జరిగే పంపకంలో స్థానిక హెబ్రీయుల తాలూకు స్త్రీలకు అందుతోంది, గ్రీకు మాట్లాడే యూదుల తాలూకు విధవలకు అందడం లేదు. ఒకే మతం, ఒకే బల్ల, అయినా భాష తేడా వచ్చేసరికి పంక్తి చివర ఉన్నవాళ్ల ఆకులు ఖాళీ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదని మన సామెత. అక్కడి కడబంతివాళ్ల ఫిర్యాదు సరిగ్గా అదే, వడ్డించేవాడు తమవాడు కాడు. పన్నెండుమంది అపొస్తలులు దీనికి ప్రేమ మీద ప్రసంగం చేసి ఊరుకోలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరుగుతోందో గరిటె వాళ్ల చేతికే వెళ్లినట్టు కనిపిస్తోంది. నన్నడిగితే క్రైస్తవ చరిత్రలో ఇంత తెలివైన కమిటీ మళ్లీ ఏర్పడలేదు. ఆ ఏడుగురిలో మొదటివాడైన స్తెఫను కొద్దికాలానికే రాళ్ల దెబ్బలకు చనిపోయాడు. పడమటి సంఘాల క్యాలెండరులో అతని స్మారక దినం డిసెంబరు 26. పశువుల తొట్టి దగ్గరి పాటలు ముగిసిన మర్నాడే రోజువారీ భోజనాల బాధ్యత మోసిన మనిషిని తలుచుకోమని ఆ క్యాలెండరు అడుగుతోంది. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల స్మరణ. మన దగ్గర చాలా సంఘాల్లో ఈ రెండు రోజులూ చప్పుడు లేకుండా గడిచిపోతాయి. అప్పటికే అందరి ధ్యాసా వాచ్ నైట్ ఆరాధన మీదా, కొత్త ఏడాది వాగ్దానం కార్డుల మీదా ఉంటుంది.

ఇక ఆ పుట్టుక కథనే తీసుకుందాం. దాన్ని మనం ఒక రాత్రి కథగా చెప్పుకోవడానికి అలవాటు పడ్డాం. గొర్రెల కాపరులు వచ్చారు, చూశారు, తిరిగి వెళ్లారు. వెళ్లక తప్పదు, గొర్రెలు ఎదురుచూస్తుంటాయి. తూర్పు దేశపు జ్ఞానులు కానుకలిచ్చి వేరే దారిన తమ దేశం పోయారు. ఉండిపోయింది మరియ, యోసేపు. వాళ్లకు ఆ రాత్రి తర్వాత చాలా పని మిగిలింది. నలభై రోజులకు బిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు జత పక్షులు ఇచ్చారని లూకా రాశాడు. గొర్రెపిల్లను ఇవ్వలేని పేదలకు మోషే ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. మత్తయి కథలో ప్రాణాలు దక్కించుకోవడానికి ఐగుప్తుకు పారిపోయారు. తిరిగొచ్చాక నజరేతులో కాపురం. ఇంచుమించు ముప్పయ్యేళ్లు ఆ పల్లెటూళ్లో వడ్రంగి ఇంట్లో ఏం జరిగిందో సువార్తలు దాదాపు ఏమీ చెప్పవు. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో జరిగిన ఒక్క సంగతి తప్ప. క్రైస్తవ సిద్ధాంతం ప్రకారం దేవుడు మనిషైనది చుట్టపుచూపుగా వచ్చి పోవడానికి కాదు, మనుషుల మధ్య కాపురం ఉండడానికి. ఆ లెక్కన ఏ ప్రత్యేకతా లేని నజరేతు సంవత్సరాలు బేత్లెహేము రాత్రి కన్నా క్రిస్మస్‌కు దూరమేమీ కాదు, ఆ రాత్రి అసలు ఎందుకు జరిగిందో చెప్పేవి అవే. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు కూడా క్రీస్తు తన గొప్పతనాన్ని వదులుకుని దాసుడి స్థితికి దిగివచ్చాడని చెప్పి, ఆ మనసే మీకూ ఉండాలంటాడు. అక్కడ తొట్టి లేదు, నక్షత్రం లేదు. ఫిలిప్పీ సంఘంలో ఒకరి మీద ఒకరు పైచేయి కోసం పడే పాట్లున్నాయి, ఆ సందర్భంలో చెప్పిన మాట అది.

ఉత్సాహం మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి 1914 డిసెంబరు చాలు. మొదటి ప్రపంచ యుద్ధపు పడమటి రంగంలో అనేకచోట్ల బ్రిటిష్, జర్మన్ సిపాయిలు కందకాల్లోంచి పైకొచ్చి చేతులు కలిపారు, సిగరెట్లు పంచుకున్నారు, చనిపోయినవాళ్లను పూడ్చుకున్నారు. ఇందులో నటన ఏమీ లేదు. ఆ సిపాయిలు మనసారా చేసిన పనే అది. కొన్నిచోట్ల ఒకటి రెండు రోజులు, కొన్నిచోట్ల కొత్త సంవత్సరం దాకా ఆ శాంతి నిలిచింది. తర్వాత వాళ్లే ఒకరినొకరు కాల్చుకున్నారు. మరుసటి ఏడు మళ్లీ అలా జరగకుండా సేనాధికారులు ముందుగానే కట్టుదిట్టం చేశారు. అక్కడ మంచి మనసుకు కొరత లేదు. ఆ మనసు నిలబడడానికి కింద ఏ ఏర్పాటూ లేదు. తుపాకులకు మాత్రం కర్మాగారాలు, బడ్జెట్లు, సరఫరా దారులు అన్నీ ఉన్నాయి.

చార్లెస్ డికెన్స్ ఈ సంగతిని బాగానే కనిపెట్టాడు. 1843లో వచ్చిన అతని ‘ఎ క్రిస్మస్ కేరల్’ను మనసు మారిన పిసినారి కథగా అందరూ గుర్తు పెట్టుకుంటారు. అతను తన గుమాస్తా ఇంటికి పంపిన పెద్ద టర్కీ కోడి కూడా గుర్తుంటుంది. ఆ కోడి పండుగ నాటిది. మర్నాడు, అంటే 26న, గుమాస్తా పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా ఆఫీసుకు వస్తాడు. యజమాని కోప్పడుతున్నట్టు నటించి, జీతం పెంచుతున్నానంటాడు. వారానికి 15 షిల్లింగులతో పెద్ద కుటుంబాన్ని ఈదుతున్న మనిషికి అసలు క్రిస్మస్ ఆ క్షణాన వచ్చింది. కోడి ఒక పూటకు సరి, జీతం ప్రతి వారానికీ వస్తుంది. ఈ కొలత మన ఇళ్లలో పెట్టి చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మధ్యతరగతి క్రైస్తవ ఇళ్లలో పండక్కి పనిమనిషికి చీర పెడతారు, కేకు ఇస్తారు, అది మంచి పద్ధతే. అదే ఇంట్లో ఆదివారం అందరూ ఆరాధనకు వెళ్లాలి కాబట్టి ఆవిడ గంట ముందే రావాలి. ఆవిడకు వారంలో సెలవు ఏ రోజు? ఒంట్లో బాగోలేక నాలుగు రోజులు రాకపోతే జీతం కోస్తారా, కొయ్యరా? జూన్‌లో పిల్లల బడి ఫీజుకు అప్పు అడిగితే వచ్చే సమాధానం ఏమిటి? చీర కన్నా ఈ ప్రశ్నలు ముఖ్యం. వీటికి జవాబు డిసెంబరులో దొరకదు.

తెలుగు నేల మీద ఈ పద్ధతి తెలిసిన మనుషులు లేకపోలేదు. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కకు ప్రభుత్వం దగ్గర కంట్రాక్టు తీసుకున్నాడు. ఒకప్పుడు భూమి సర్వేలో నేర్చుకున్న విద్య అతనికి అక్కరకొచ్చింది. తన సంఘాల్లోని మాదిగ బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లు చెయ్యి చాచి అడుక్కోనక్కర లేకుండా మట్టి మోసి కూలి తీసుకున్నారు. బోధకుడే లెక్కలు చూస్తున్నాడు కనుక కూలీ మీద కర్ర ఎత్తే పెత్తనం తగ్గింది. మెదక్ చర్చి మరో ఉదాహరణ. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ మహాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఏటా ఆ రోజున అక్కడికి వెల్లువెత్తే జనాన్ని చూస్తుంటాం. దాని వెనక పదేళ్ల కట్టుబడి ఉంది. కరువు రోజుల్లో ఆ పని చుట్టుపక్కల ఊళ్లకు తిండి పెట్టిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత సొమ్ముతో రాతి కట్టడం ఎందుకని అడగవచ్చు, అది వేరే చర్చ. ఇంకా చిన్న స్థాయిలో చూడాలంటే మిజోరం వెళ్లాలి. 1910లో అక్కడి క్రైస్తవ స్త్రీలు ఒక అలవాటు మొదలుపెట్టారు. పొయ్యి మీద అన్నం ఎసట్లో పోసే ముందు ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తారు. సంఘంవాళ్లు వచ్చి వాటిని పోగుచేస్తారు. అలా చేరిన బియ్యమే అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం పనికి ఒక పెద్ద ఆదాయం అయింది. తెలుగు సంఘాల్లోనూ స్త్రీల సమాజాలకు పిడికెడు బియ్యం ఆనవాయితీ తెలుసు, కొన్నిచోట్ల మిగిలింది, చాలాచోట్ల కవరు కానుకలు దాన్ని మింగేశాయి. ఆ పిడికిలికి ఉత్సాహంతో పని లేదు. మనసు బాగోలేని రోజున, మొగుడితో పోట్లాడిన రోజున కూడా బియ్యం కడగాలి కదా, చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, క్రైస్తవుల్లోంచే వస్తుంది. ఇదంతా ఆత్మను చట్టంగా మార్చడం కాదా? కృప ఉచితమని బోధించిన మతంలో రోజువారీ పిడికెళ్లు, వారం వారం లెక్కలు పెడితే ప్రేమ పన్నులా తయారవదా? బరువైన ప్రశ్నే. ఎందుకంటే పన్నులా తయారైన కానుకలు మన కళ్లముందే ఉన్నాయి. దశమ భాగం ఇవ్వనివాళ్ల పేర్లు పరోక్షంగా ఎత్తిపొడిచే ప్రసంగాలు ఎవరూ వినలేదనలేం. అయితే కృప గురించి అందరికన్నా గట్టిగా రాసిన పౌలే కొరింథువాళ్లకు చెప్పిన ఏర్పాటు చూడండి: యెరూషలేము పేదల కోసం ప్రతి ఆదివారం ఎవరి స్తోమతను బట్టి వాళ్లు ఇంట్లో కొంత తీసిపెట్టుకోండి, నేను వచ్చాక చందాలు పోగుచేసే పరిస్థితి రాకూడదు అంటాడు. ఆయనకు తన రాక తెచ్చే ఊపు మీద నమ్మకం లేదు. గొప్ప బోధకుడు ఎదురుగా ఉన్నాడని జేబులు ఖాళీ చేసే రకం దానం ఆయనకు అక్కర్లేదు. ఒత్తిడి క్రమంలోంచి పుడుతుందని మనం అనుకుంటాం గానీ, పౌలు లెక్కలో ఒత్తిడి పుట్టేది సభలోంచి. ఎవరూ చూడని చోట, ఎవరికి వారే నిర్ణయించుకున్న అలవాటులో స్వేచ్ఛ ఎక్కువ. పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి చూసినా అంతే. ఇచ్చేవాడి మనసు కరిగేదాకా కాచుకుని కూర్చోవడం కన్నా అవమానం ఇంకొకటి లేదు.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి మరో వాదం. అన్ని రోజులూ పవిత్రమే అయితే ఈ ఒక్క రోజు ఎందుకు? ఈ ప్రశ్నను మాటలతో వదిలేయకుండా అమలు చేసి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 దాకా ఈ పండుగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. బైబిల్లో తేదీ లేదు, తాగి తందనాలాడటం ఉంది అన్నది వాళ్ల వాదన, అందులో అబద్ధం లేదు. కానీ పండుగ తీసేస్తే ఏడాదంతా పండుగ అవలేదు. డిసెంబరు 25 దుకాణాలు తెరిచే ఒక మామూలు రోజైంది, అంతే. అందుకని కేకులనూ కొత్త బట్టలనూ చిన్నచూపు చూసే భక్తి నాకు రుచించదు. కూలి చేసుకునే కుటుంబంలో పిల్లకు ఏడాదికి ఒక్కసారి దొరికే పట్టు లంగాను ఆడంబరం అనగలిగేవాడు తన బీరువా ముందు చూసుకోవాలి. పేదవాళ్లకు పండుగ కావాలి, ధనవంతుల కన్నా ఎక్కువ కావాలి. పండుగ చేసే పని గుర్తుచేయడం, గుర్తుచేయడానికి వెనక ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి.

మూడో అభ్యంతరం బయటినుంచి వస్తుంది, మన దేశంలో గట్టిగానే వస్తుంది: ఏడాదంతా సేవ అంటే ఏడాదంతా గాలం వేయడమే, బియ్యం ఇచ్చి మతం మారుస్తారు అని. ఉలిక్కిపడి కోప్పడటం కన్నా దీనికి సూటిగా జవాబు చెప్పడం మేలు. అన్నం ప్యాకెట్టుతో కరపత్రం జతచేసి ఇచ్చినచోట ఆ అనుమానం పూర్తిగా నిరాధారం అనడం కుదరదు. ఆ ప్రమాదం క్లౌకు తెలుసు. కరువు పని నడిచినంతకాలం అతను బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. కూడు కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలదని. గడ్డుకాలం గట్టెక్కాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను అప్పుడూ ఇప్పుడూ అనుమానించేవాళ్లున్నారు. అనుమానించే హక్కు వాళ్లకుంది. కానీ ఊరి బయట తరతరాలుగా నిలబెట్టిన మనుషులు, తమ చేత కాలువ తవ్వించి కూలి ఎగ్గొట్టకుండా చేతిలో పెట్టినవాడి మాట విందామనుకోవడాన్ని ఆశకు అమ్ముడుపోవడం అంటే, వాళ్లకు సొంత బుద్ధి లేదని చెప్పినట్టవుతుంది. పుట్టుక కథలోనూ కాపరులను ఎవరూ ఏదీ అడగలేదు. వచ్చి చూసి తమ మందల దగ్గరికి పోయారు. జూలియన్ ఉత్తరంలో ‘మన పేదలు’ అన్నవాళ్లు అన్నం తిన్న తర్వాత కూడా అతని లెక్కలో అతని పేదలుగానే ఉన్నారు.

అన్నిటికన్నా పదునైన అభ్యంతరం ఇంకొకటుంది. ఏడాదికోసారి వేసినా రోజూ వేసినా దానం దానమే, ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద, ఆ తేడా ఎక్కడ మారింది? 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ మాటే ఇంకో రకంగా అడిగాడు. మిషనరీలు భారతీయుల కోసం ఆస్తులనూ ప్రాణాలనూ ధారపోశారని ఒప్పుకుంటూనే, మాకు ఇంకా దొరకనిది స్నేహం అన్నాడు. సభ అదిరిపడింది. రెండేళ్లకు అదే అజరయ్య దోర్నకల్లుకు బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరుగుతూ 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న తెల్లదొరలు వెళ్లాక మన ముంగిట్లోకే వచ్చింది. క్రిస్మస్ నాటి ప్రేమ విందులో అందరం ఒకే బంతిన కూర్చుంటాం. ఆ తర్వాత వారం పత్రికలో క్రైస్తవ వధూవరుల ప్రకటనలు చూస్తే ఫలానా కులం క్రిస్టియన్, అదే కులంలో సంబంధం కావాలి అని ఉంటుంది. కులాల వారీగా విడిపోయిన సంఘాలున్న సంగతి ఎవరికీ రహస్యం కాదు. ఇక్కడ పిడికెడు బియ్యం చాలదు, ఆ మాట ఒప్పుకోవాలి. యెరూషలేములో కూడా గొడవ బియ్యం మొత్తం ఎంతన్న దాని మీద రాలేదు, గరిటె ఎవరి చేతిలో ఉందన్న దాని మీద వచ్చింది. సంఘం కమిటీలో ఎవరున్నారు, ఆస్తుల కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయి, పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడు ఎవరు గుర్తుకొస్తారు అన్న లెక్కలు తేలనంతకాలం, ఏడాది పొడుగునా సేవ చేసినా అది పైచేతి సేవగానే మిగులుతుంది.

ఇవన్నీ మామూలు మనిషి వల్ల అయ్యే పనేనా అన్నది ఆఖరి సందేహం, బహుశా నిజాయితీ అయినది కూడా ఇదే. ఉద్యోగం, అప్పులు, ముసలి తల్లిదండ్రులు, పిల్లల చదువులు. ఏడాదంతా ఎవరి మనసు తెరిచి ఉంటుంది? ఎవరిదీ ఉండదు. పన్నెండుమంది అపొస్తలులే తమవల్ల కాదని ఒప్పుకున్నారు, వాక్యం చెప్పడమూ వడ్డించడమూ రెండూ చేయలేమని చెప్పబట్టే ఆ ఏడుగురు వచ్చారు. అలసిపోయే మనుషుల కోసమే ఏర్పాట్లు కావాలి, అలసటే లేనివాళ్లుంటే కమిటీ దేనికి? స్తెఫను చనిపోయాక యెరూషలేములో లేచిన హింసకు సంఘం చెల్లాచెదురైంది. ఆ వడ్డన బల్ల ఏమైందో గ్రంథం చెప్పదు. పారిపోయినవాళ్లలో కొందరు ఉత్తరాన అంతియొకయ చేరి అక్కడ ఒక సంఘం కట్టుకున్నారు. శిష్యులను క్రైస్తవులని తొలిసారి పిలిచింది ఆ ఊళ్లోనే. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువొచ్చినప్పుడు ఆ అంతియొకయవాళ్లు ఎవరికి చేతనైనంత వాళ్లు వేసి యూదయలోని వాళ్లకు సొమ్ము పంపారు. దాన్ని మోసుకెళ్లిన ఇద్దరిలో ఒకరు బర్నబా, రెండోవాడు తర్వాత పౌలుగా పేరుపడ్డ సౌలు. స్తెఫనును రాళ్లతో కొట్టినవాళ్లు తమ పైబట్టలు విప్పి ఎవరి కాళ్ల దగ్గర పెట్టారో ఆ సౌలే. డిసెంబరు 25 పండుగ ఆ ఊరికి చేరడానికి ఆ తర్వాత ఇంకో మూడు వందల ఏళ్లు పైనే పట్టింది.